కొంగులో కట్టిన కుడిచెయ్యి

సంగారెడ్డిలో పుస్తకాల దుకాణంలో మొన్న నేను గొంతు పెంచాను. పెంచాల్సి వచ్చింది.

మనవరాలు యూకేజీ. "ఇంట్లో చేసిన బొమ్మ ఒకటి పంపండి" అని స్కూలు వాళ్లు డైరీలో రాశారు. రంగు కాగితాలు, గమ్ము సీసా కొందామని వెళ్లాను. దుకాణదారు నా మాట పూర్తి కానివ్వలేదు.

"ప్రాజెక్టే గద మేడమ్? రెడీమేడ్ ఉన్నయ్, జెర ఆగుండ్రి" అంటూ బల్ల మీద ఆరు బొమ్మలు పరిచాడు. థర్మకోల్ గుడిసె, స్పాంజి సీతాకోకచిలుక, ఐస్‌క్రీం పుల్లలతో బావి. ప్రతిదాని కిందా పేరు, తరగతి రాసుకోవడానికి చీటీ అంటించి ఉంది.

"ఇంట్ల చేసింది కావాలన్నరయ్యా" అన్నాను.

"పేరు రాస్తే మీ ఇంట్ల చేసిందే అయితది. ఇగో, ఇది సూడుండ్రి. దీన్ని కావాల్ననే వంకరగ చేయించినం. పిల్లలు చేసినట్టే కనవడ్తది."

అక్కడే నాకు మండింది. "వంకరను గూడ అమ్ముకుంటున్నరా? జెరంత సిగ్గుండాలె!" అని అరిచాను. పక్కనున్న తల్లులు నన్ను వింతగా చూశారు. ఒకామె మాత్రం ఆ వంకర బొమ్మనే చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను ఉత్త చేతులతో బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే నా రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉన్నాయి. నేను చుట్టుకున్నట్టు నాకు గుర్తే లేదు. అది నా అలవాటు కాదు. చాలా ఏళ్ల కిందట తెలిసిన ఒక అవ్వ నుంచి వచ్చింది.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. ఓటర్ల జాబితా చదివేవాళ్లు తప్ప ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలిచి ఉండరు. పిల్లలు బెండ్లవ్వ అనేవాళ్లు, మేమూ అదే అన్నాం.

ఎనభైల చివర్లో మాట. పటాన్‌చెరు పక్కన ఒక ఊళ్లో ఆమె కొడుకు వేసిన రేకుల గదుల వరుసలో చివరి గదిలో కిరాయికి ఉండేవాళ్లం. నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్, మా ఆయన ఇంకో ఫ్యాక్టరీలో ఫిట్టర్. పొద్దున ఆరింటి షిఫ్టుకు ఇద్దరం వెళ్తే నాలుగేళ్ల పిల్లను ఎక్కడ పెట్టాలి? మా వరుసలో ఆడవాళ్లందరిదీ అదే కష్టం. అందరి పిల్లలూ బెండ్లవ్వ అరుగు మీదే పెరిగారు. ఆమె కొడుకు కూడా ఫ్యాక్టరీకే వెళ్లేవాడు. పొలం చాలా మటుకు ఫ్యాక్టరీల కిందికి పోగా గదుల వెనక ఒక్క ఎకరం మిగిలింది. అందులో ఆమె పట్టుబట్టి జొన్న వేయించేది. గింజల కోసం కాదు, దంట్ల కోసం. ఎండిన జొన్నదంటు మీది గట్టి తొక్క ఒలిస్తే లోపల తెల్లగా, మెత్తగా ఉండేదే బెండు. ఆ బెండును ముక్కలు కోసి, ఒలిచిన తొక్కనే సన్నటి పుల్లలుగా చీల్చి గుచ్చితే బండి అవుతుంది, ఎద్దు అవుతుంది, కళ్లద్దాలు అవుతాయి. మేకులు వద్దు, గమ్ము వద్దు. ఆమెకు ఆ పేరు అందుకే వచ్చింది.

పిల్లల్ని చూసుకున్నందుకు ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. చెత్త.

"రేపు ఉత్త చేతులతోని వస్తే నీ బిడ్డను లోపలికి రానియ్య" అనేది. ఫ్యాక్టరీలో పారేసే అచ్చు తప్పిన అట్టలు, తళతళలాడే రేకు కాగితం తునకలు, దారం అయిపోయిన గొట్టాలు, మూతలు, ఏదో ఒకటి తేవాలి. గేటు దగ్గర బీహారీ సెక్యూరిటీ అతను రోజూ నా సంచి తెరిచి, "కచ్రా ఘర్ కాహే లే జా రహీ హో?" అని అడిగేవాడు. ఇంటికి చెత్త మోసుకెళ్లే మనిషిని అతను ఎక్కడా చూసి ఉండడు పాపం. అవ్వ అడుగుతోందని నాకు వచ్చిన హిందీలో "అవ్వ మాంగ్తీ" అనేదాన్ని. కొన్నాళ్లకు అతనే పాత క్యాలెండర్లు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

తెచ్చిన ప్రతిదాన్నీ ఆమె ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. మందు తగిలిందని ఏ కొంచెం అనుమానం వచ్చినా అవతల పారేసేది. "పోరలు నోట్లె వెట్టుకుంటరు. మీ ఫ్యాక్టరీ మీ గేటు కాడనే ఆగాలె" అనేది. బొమ్మలు చేసే మట్టి విషయంలో కూడా అంతే పట్టింపు. ఊరి వాగులో మట్టి తెస్తే పిల్లల చేతులు దురద పెట్టాయి. ఆ రోజు నుంచి ఆ మట్టిని ముట్టలేదు. జోగిపేట దిక్కు చుట్టాల ఊరికి పోయినప్పుడల్లా అక్కడి చెరువు మట్టి గోనెసంచిలో పోసుకుని బస్సులో తెచ్చేది. ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. కండక్టరు సంచి తడిమి, "మన్ను ఎవలన్న బస్సుల తీస్కపోతరా అవ్వా? మీ ఊర్ల మన్ను లేదా?" అన్నాడు.

"ఉన్నది బిడ్డా. మనుషులకు పనికొచ్చేది లేదు" అంది ఆమె, సంచిని ఒళ్లోకి లాక్కుంటూ. కండక్టరు టికెట్టు చించి ముందుకు పోయాడు.

ఇక ఆమె అరుగు మీద పని ఎలా సాగేదో చెప్పాలి. పిల్లల ముందు ఒకే ఒక్క బండి చేసి చూపించేది. నెమ్మదిగా, మాట్లాడకుండా. అయిపోగానే ఆ బండిని విప్పేసి, ముక్కలు కుప్పలో కలిపేసేది. చూసి చేయడానికి ముందర ఏమీ మిగలనిచ్చేది కాదు. తర్వాత గోడకు ఆనుకుని రెండు చేతులూ కొంగులో చుట్టేసుకునేది.

"నా చేతులు పండుకున్నయ్. ఇగ మీ చేతులు లేవాలె" అనేది.

అంతే. ఆ తర్వాత ఎవరు ఏడ్చినా, ఎవరి చక్రం ఊడినా, జొన్న తొక్క తగిలి ఎవరి వేలు తెగినా ఆ చేతులు బయటికి వచ్చేవి కావు. వేలు తెగినవాడే లేచి వెళ్లి గూట్లో పసుపు తీసి అద్దుకోవాలి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ముసలమ్మకు బద్ధకం అనుకున్నాను. నాలుగు రోజులు గమనిస్తే తెలిసింది. కొంగు కింద ఆమె వేళ్లు ఒక్క క్షణం కుదురుగా ఉండేవి కావు. ప్రతి పిల్లతో పాటూ అవీ లోపల్లోపలే గుచ్చుతూ, విరుస్తూ, అతికిస్తూ ఉండేవి. వాటిని ఆపుకోవడమే ఆమె చేసే పెద్ద పని.

పిల్లలు చేసి తెచ్చినదాన్ని చూసి బాగుందని ఎప్పుడూ అనలేదు. ఇదేంటి అని కూడా అడగలేదు. "ఇదేం జేస్తది?" అని అడిగేది. నాలుగు పుల్లలు గుచ్చిన ముద్దను ఒకడు తెచ్చి చూపిస్తే అదే ప్రశ్న. వాడు కాసేపు ఆలోచించి "ఇది నీళ్ల ట్యాంకరును ఆపుతది" అన్నాడు. "అయితే మంచిగ ఆపుమను, మన గల్లీల ఆగుతలేదు" అంది ఆమె. మాకు అప్పుడు ట్యాంకరు నీళ్లే గతి. వాడు ఆ ముద్దను తీసుకుని వెళ్లి నిజంగానే రోడ్డు పక్కన పెట్టి వచ్చాడు.

నాకూ ఆమెకూ మొదటి గొడవ ఒక అట్టపెట్టె మీద వచ్చింది. మా మంజుల ఒక పెట్టె మడిచి ఇంటికి తెచ్చింది. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి, మూత పట్టదు. నేను ప్యాకింగ్‌లో ఆరేళ్ల అనుభవం ఉన్నదాన్ని. వంకర డబ్బా కనిపిస్తే నా చేయి ఆగదు, అది రిజెక్టు కింద లెక్క. ఆ పెట్టె విప్పి, గీతలు సరిచేసి, మళ్లీ మడిచి ఇచ్చాను. నా కంటికి ముచ్చటగా ఉంది. మంజుల దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు బెండ్లవ్వ ఆ పెట్టె పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది.

"ఇది నువ్వు చేసినవా?"

"వంకరుంటే సక్క చేసిన అవ్వా."

"మీ ఫ్యాక్టరీల దినాం ఎన్ని డబ్బలు సక్కగ చేస్తవ్?"

"గవి ఎవలు లెక్కవెడ్తరు? మస్తు చేస్త."

"అన్ని సక్కగ చేసినంక, నీ ఇంట్ల ఒక్కటి వంకరుంటే నీకేమాయె?" అంది. పెట్టెను నా చేతిలో పెట్టి, "ఇది నీది. నువ్వే ఆడుకో" అని వెళ్లిపోయింది. మా ఆయన లోపలి నుంచి నవ్వుతుంటే ఇంకా కోపం వచ్చింది.

అసలు సంగతి దీని తర్వాతది. మంజులది ఎడమచేతి వాటం.

మా అత్త ఊరి నుంచి వచ్చినప్పుడల్లా అది చూసి, అశుభమని గొణుగుతూ ఉండేది. నాకు శుభాశుభాల పట్టింపు లేదు. నా భయం వేరు. మా ప్యాకింగ్ బెల్టు పక్కన భుజానికి భుజం ఆనించి పన్నెండు మందిమి కూర్చునేవాళ్లం. మందుల స్ట్రిప్పులు ఎడమ వైపు నుంచి వస్తాయి. కుడి చేత్తో తీసి, ఎడమ చేత్తో పట్టుకున్న డబ్బాలో దూర్చి, ముందుకు తోయాలి. అందరి మోచేతులూ ఒకే వైపు కదలాలి. భానూర్ నుంచి వచ్చే ఒక పిల్ల ఎడమచేతి వాటంది. ఆ పిల్ల స్ట్రిప్పు తీసినప్పుడల్లా ఆమె మోచేయి నా మోచేతికి తగిలి ఇద్దరి డబ్బాలూ కింద పడేవి. పది రోజులు చూసి సూపర్‌వైజరు ఆ పిల్లను బెల్టు మీది నుంచి లేపి చీపురు చేతికిచ్చాడు. బాత్రూముల పక్కన నిలబడి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను చూశాను. అంత చురుకైన చేతులు నేల తుడవడానికి పోయాయి. ఆ రోజు ఇంటికి రాగానే నా కళ్లు ముందు మంజుల చేతి మీద పడ్డాయి. అది ఎడమ చేత్తో బొగ్గు పట్టుకుని గోడ మీద కోడిని గీస్తోంది.

మర్నాడు పొద్దున పాత రిబ్బను తీసి దాని ఎడమ మణికట్టుకు కట్టాను. రెండో కొస గౌను బెల్టుకు ముడేశాను. "కుడి చేత్తోనే చెయ్యాలె, ఏడిస్తే తంత" అన్నాను. నేను చెడ్డ తల్లిని కాదు. నా బిడ్డ చేతికి చీపురు రాకూడదని అలా చేశాను. అప్పుడు నాకు అంతకన్నా దూరం కనిపించలేదు.

సాయంత్రం బెండ్లవ్వ ఆ రిబ్బను మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "ఇది జడకు కట్టేది బిడ్డా, చేతికి గాదు."

ఆ మర్నాడు ఇంకా గట్టిగా కట్టాను. "అవ్వా, నా బిడ్డ నా ఇష్టం. నువ్వు ముడి ఇప్పితే నా మీద ఒట్టు" అన్నాను.

ఒట్టు మాట ఆమెకు చాలా పెద్దది. ఒకసారి ఒట్టు పెడితే, పెట్టినవాళ్లే తీసేసుకోవాలి తప్ప ఆమె దాటదు. అది తెలిసే పెట్టాను. ఆమె తన కుడి చేతిని కొంగులో చుట్టి, ఆ కొంగును నడుముకు దోపి ముడివేసింది.

"నీ ఒట్టు నేను దాట. నువ్వు నీ బిడ్డ చెయ్యి ఇప్పేదాక నేను గూడ నా చెయ్యి ఇప్ప. ఇది నా ఒట్టు" అంది.

రెండు రోజుల్లో దిగివస్తుందిలే అనుకున్నాను. ఆమె నాకన్నా మొండిది. ఎడమ చేత్తోనే ఊడ్చింది, ఎడమ చేత్తోనే బిందె ఎత్తింది. జొన్నరొట్టె రెండు అరచేతులతో కొట్టి తిప్పాల్సింది, ఆమె ఒంటి చేత్తో చేస్తే ఒక పక్క మందం, ఒక పక్క చిరుగు. మూడో రోజు ఆమె కొడుకు మా గడప ముందుకొచ్చాడు.

"అక్కా, జెర మీ ఒట్టు తీస్కోండ్రి. మా అమ్మ రొట్టెలు తినలేక పరేషాన్ అయితున్న. టిఫిన్ బాక్సు తెరిస్తే డ్యూటీల అందరు నవ్వుతున్నరు."

"ముందు మీ అమ్మను తీస్కొమ్మను తమ్మీ" అన్నాను. వరుసలో అందరూ రెండు పార్టీలయ్యారు. నాకు పౌరుషం ఇంకా పెరిగింది.

కానీ నా బిడ్డ అరుగు మీద ఒక మూల ఉత్తగా కూర్చునేది. కుడి చేత్తో పుల్ల పట్టుకుంటే జారిపోతుంది, గుచ్చితే విరిగిపోతుంది. నాలుగో రోజు నేను షిఫ్టు దిగి రెండున్నరకు వచ్చేసరికి బెండ్లవ్వ దాని ముందు కూర్చుని ఉంది. మంజుల చేతిలో బెండు ముక్క ఒకటి, దానికి వంగిపోయిన పుల్ల ఒకటి.

"ఇదేం జేస్తది బిడ్డా?" అని అడిగింది అవ్వ.

"ఏం జెయ్యది అవ్వా" అంది మంజుల.

నాలుగేళ్ల పిల్ల, వారం కిందట కోడి గుడ్లు పెట్టే లారీ చేసిన పిల్ల అన్న మాట అది. అయినా విప్పలేదు. రేపటికల్లా అలవాటవుతుంది అనుకున్నాను. నా మీద నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ ఒక్క రోజు గురించే.

ఆరో రోజు బెండ్లవ్వ పెనం మీద చేయి కాల్చుకుంది. ఎడమ మణికట్టు మీద పొక్కు లేచింది. అది చూసి నేను అరుగు మీదికి వెళ్లి గట్టిగానే అడిగాను.

"ఎందుకవ్వా నీకింత మొండి? నా బిడ్డ బాగు నేను సూసుకోవద్దా? ఎడమ చెయ్యోళ్లను బెల్టు మీద కూసోనిస్తలేరు. చీపురు ఇస్తున్నరు. నా కండ్లతోని సూసిన!" అని ఆ భానూర్ పిల్ల సంగతంతా చెప్పాను. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది.

ఆమె అంతా విన్నది. "నీ బిడ్డను బెల్టు పక్కన కూసోవెట్టనీకే కన్నవా?" అంది.

"గదన్న దొరకాలె గద! గదే మాకు బువ్వ వెడ్తున్నది!"

"వెడ్తున్నది. కాదన్ననా? నీకు వెడ్తున్నది. నాలుగేండ్ల పిల్లకు ఇప్పటి సందే డ్యూటీ ఎక్కిస్తవా?" అంది. తర్వాత "కూసో" అని, మంజుల పక్కన చోటు చూపించింది. "నువ్వు మీ సెక్షన్ల అందరికంటె జల్దీ చేస్తవంట గద. నీ కుడి చెయ్యి కొంగుల కట్టుకో. బెండుతోని ఒక్క కండ్లద్దాలు చెయ్యి. నువ్వు చేస్తే నా ఒట్టు నేనే తీస్కుంట. నీ బిడ్డ చెయ్యి జన్మంత కట్టుకో."

ఇదేం పెద్ద పనా అని కూర్చున్నాను. రెండు చుట్లు, మధ్యన ఒక పుల్ల, అటూ ఇటూ రెండు కాడలు. మూడేళ్ల పిల్లలు చేస్తారు. కుడి చెయ్యి చుట్టుకుని ఎడమ చేత్తో మొదలుపెట్టాను.

తొక్క ఒలవడమే రాలేదు. పళ్లతో పట్టి లాగితే పెదవి గీరుకుంది. పుల్ల వంచితే విరిగింది, మళ్లీ వంచితే మళ్లీ విరిగింది. బెండు ముక్క మోకాలి కింద పెట్టి గుచ్చబోతే పుల్ల వేలిలో దిగింది. చుట్టూ వరుసలో ఆడవాళ్లు, పిల్లలు. నా చేతులే నాకు గొప్ప. పన్నెండు మందిలో నా డబ్బానే ముందు పడేది. అవే చేతులు ఆ రోజు చిన్న పుల్ల ముందు పనికిరాకుండా పోయాయి. నేను తెలివితక్కువదాన్నని, ఏమీ చేతకానిదాన్నని అనిపించింది. అప్పుడు నా పక్క నుంచి చిన్న గొంతు వచ్చింది.

"అమ్మా, ఏడ్వకు. మెల్లగ అలవాటైతది."

రోజూ పొద్దున ముడి బిగిస్తూ నేను దానికి చెప్పే మాట అది.

నేనిక ఆగలేదు. దాని ముడి మీద పడ్డాను. ఎంత బిగించానో, వేళ్లతో రాలేదు, పళ్లతో విప్పాల్సి వచ్చింది. మణికట్టు చుట్టూ ఎర్రటి గీత ఉంది. దాన్ని ఒళ్లోకి లాక్కుని బావురుమన్నాను. "నా ఒట్టు తీసుకున్న అవ్వా" అన్నాను.

"గట్టిగ అను. మా కొడుకు గూడ ఇనాలె, రొట్టెల కోసం సూస్తున్నడు" అంది బెండ్లవ్వ. అందరూ నవ్వారు. నేనూ ఏడుస్తూనే నవ్వాను. మేం ఇంకా నవ్వుతుండగానే మంజుల ఎడమ చేత్తో కళ్లద్దాలు చేసి తెచ్చి నా ముఖానికి పెట్టింది. ఒక గుండ్రం పెద్దది, ఒకటి చిన్నది. అవి నేను సరిచేయలేదు.

అత్తతో ఒక ఒప్పందం చేసుకున్నాం. అన్నం కుడి చేత్తో, పని ఏ చేత్తోనైనా. ఆమె కూడా ఊరుకుంది.

ఒట్టు తీరాక బెండ్లవ్వ చెయ్యి విప్పేసి తన మానాన తాను ఉంటుందనుకున్నాను. ఆమె అలా ఉండలేదు. రోజూ మధ్యాహ్నం ఒక గంట కుడి చెయ్యి కొంగులో కట్టుకుని మంజుల పక్కన కూర్చుని, ఎడమ చేత్తో తనూ బెండు పని చేసేది. "పోరి ఒక్కతె ఎడమ చెయ్యిది అంటే మిగిలినోళ్లు ఏడిపిస్తరు. ఇద్దరముంటే ఎవలు ఏమంటరు?" అని నాతో చెప్పింది. మొదట్లో ఆమె చేసినవి ఏవీ నిలబడేవి కావు. మంజుల నడుం మీద చెయ్యి పెట్టుకుని, "గట్ల గాదవ్వా, గిట్ల. పుల్లను పండవెట్టి గుచ్చు" అని కసిరేది. ఆమె బుద్ధిగా మళ్లీ గుచ్చేది. రెండేళ్లు, మంజుల బడిలో చేరేదాకా సాగింది ఆ ట్యూషన్. అప్పటికి అవ్వ ఎడమ చేతి బండి కూడా ఉరికేది.

తర్వాత మేం సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకుని వచ్చేశాం. మంజుల పాలిటెక్నిక్ చదివింది. పండక్కో, పెళ్లికో బెండ్లవ్వ కనిపించేది. కనిపించినప్పుడల్లా మంజుల ఎడమ చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసేది, నన్ను ఓరగా చూసి నవ్వేది.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక రోజు ఆమె కొడుకు కబురు పెట్టాడు. పక్షవాతం వచ్చిందట, కుడి పక్క పడిపోయిందట. నేనూ మంజులా బస్సెక్కి వెళ్లాం. జొన్న చేను లేదు, ఆ ఎకరంలో ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి. అరుగు మాత్రం అలాగే ఉంది. లోపలి గదిలో మంచం మీద ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. కుడి చెయ్యి పక్కన పడి ఉంది, దాని మీద ఎవరో కొంగు కప్పారు.

కోడలు కంచంలో అన్నం కలిపి చెంచాతో తినిపించబోతోంది. అవ్వ మొహం తిప్పుకుంది. "మొదట్నుంచి గిదే లొల్లి" అని కోడలు నాతో చెప్పింది. "ఎడమ చేత్తోని నేనే తింట అంటది. సూసినోళ్లు ఏమనుకుంటరు? ఎడమ చేత్తోని బువ్వ తింటరా అక్కా ఎవలన్న?"

బెండ్లవ్వ కంచం మీద నుంచి చూపు తిప్పకుండా అంది. "నాకు ఎడమ లేదు, కుడి లేదు. ఉన్నదొక్కటే చెయ్యి. ఇటియ్యి."

కంచం దగ్గరికి లాక్కుంది. ఎడమ చేత్తో అన్నం పప్పు కలిపింది, ముద్ద చేసింది, నోట్లో పెట్టుకుంది. ఒక్క మెతుకు కింద పడలేదు. నేను చాలామందిని చూశాను, ఆ జబ్బు వచ్చినవాళ్లు రెండో చెయ్యి తిరగక నెలల తరబడి ఇంకొకరి చేతి వైపు చూస్తుంటారు. ఈమె చెయ్యి ఎప్పటి నుంచో అదే పని చేస్తున్నట్టు తిరుగుతోంది. సగం అన్నం అయ్యాక తల ఎత్తి మంజులను చూసింది.

"సూస్తున్నవా? నువ్వు నేర్పిన చెయ్యే. ఇప్పుడు గిదే నాకు బువ్వ వెడ్తున్నది" అంది.

మంజుల మంచం పక్కన కూర్చుని ఆ ఎడమ చేతిని తన ఎడమ చేత్తో పట్టుకుంది, ఎంగిలి మెతుకులతోనే. నేను తలుపు పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. కిటికీ గూట్లో చిన్న బండి ఒకటి ఉంది. జొన్నదంట్లు దొరకక ఆమె మందుల డబ్బా అట్ట చించి చేసింది. ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది. ప్యాకింగ్ చేతులు కదా, నావి దాని మీదికి వెళ్లబోయాయి. వెనక నుంచి ఆమె చూస్తోందని తెలిసింది. చేతులు కొంగులో చుట్టుకున్నాను.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. చివరి రోజు దాకా తన చేత్తోనే తిన్నదని కోడలు చెప్పింది. ఈసారి ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పింది.

ఇప్పుడు మంజుల ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మిషన్లు బిగించే సెక్షన్‌లో పనిచేస్తోంది. నేను ఏ బెల్టు కోసం దాని చెయ్యి కట్టానో ఆ బెల్టు ఇప్పుడు ఎక్కడా లేదు. పన్నెండు మంది ఆడవాళ్లు చేసే పని ఒక మిషను చేస్తుంది. దానికి మోచేతులు లేవు.

మొన్న దుకాణం నుంచి ఉత్త చేతులతో ఇంటికొచ్చేసరికి మనవరాలు ఏడుపు అందుకుంది. అందరూ కొన్న బొమ్మలే తెస్తారట. నేను వినలేదు. పాత అట్టడబ్బా, గోధుమపిండి ఉడికించిన బంక, కత్తెర దాని ముందు పెట్టాను. ఒక చిన్న పెట్టె మడిచి చూపించి, మళ్లీ విప్పేశాను. గోడకు ఆనుకుని చేతులు కొంగులో చుట్టుకున్నాను.

"నా చేతులు పండుకున్నయ్. ఇగ నీ చేతులు లేవాలె" అన్నాను.

కాసేపు గునిసింది. తర్వాత కత్తెర తీసుకుంది. మంజుల డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడిచి, మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వచ్చి నా పక్కన కూర్చుని తన ఎడమ చేతిని చున్నీలో చుట్టుకుంది. ఇద్దరం గోడకు ఆనుకుని అలా చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి పాప నాలుగు కాళ్లూ నాలుగు కొలతల్లో ఉన్నదేదో పైకెత్తి పట్టుకుంది.

"ఇదేం జేస్తది?" అని తల్లీ నేనూ ఒకేసారి అడిగాం.

పాప చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద కథే. వింటూ ఉంటే అప్పుడు తట్టింది నాకు, అది ఇంతసేపూ ఏ చేత్తో కత్తిరించిందో నేను చూడనే లేదు.